లంకెబిందెలూ, వాసెన ముడీ

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



ఈపాటికి మీ వంటిల్లు సర్దడం అయిపోయి ఉంటుంది. పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా రెండు గంటలు టైముంది. ఈ రెండు గంటలూ ఎవరివి? మనవి. కాదనేవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఒకరిద్దరు ఉంటారనుకోండి. ఆ కాస్త తీరికలో మనం ఓ నవల పట్టుకు కూర్చుంటే, "ఆ డిటెక్టివ్ పుస్తకాలు చదివి ఏం బావుకుంటావు?" అని అడగనే అడుగుతారు. ఇవ్వాళ నేను ఆ ప్రశ్నకు జవాబు చెబుదామనే వచ్చాను. జవాబు మా చిన్నమ్మది. ఆవిడది ఇబ్రహీంపట్నం. అదే, సాగర్ రోడ్డు మీద, హైదరాబాదుకు ముప్ఫయి కిలోమీటర్ల దూరంలో, కుతుబ్ షాహీల నాటి పెద్ద చెరువున్న ఊరు.

1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడింది. ఆ మరుసటేడు వేసవిలో జరిగిన మాట ఇది. మా చిన్నమ్మకు అప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఏడో తరగతి దాకా చదువుకుంది. చిన్నాయన రోజూ బస్సులో పట్నం వెళ్ళి ఉద్యోగం చేసి వచ్చేవాడు. వచ్చేటప్పుడు కోఠీలో ఓ అద్దె లైబ్రరీ నుంచి, రోజుకు పావలా ఇచ్చి ఒక పుస్తకం తెచ్చేవాడు. పాకెట్ సైజు డిటెక్టివ్ నవల. అట్ట మీద తుపాకీ, ఒక అమ్మాయి, ఓ నీడ. ఆ అట్టను చూసే అత్తగారు గుండెలు బాదుకునేది. అందుకని చిన్నమ్మ దానికి పాత క్యాలెండరు కాగితం చుట్టి, బియ్యం డ్రమ్ములో దాచుకుని చదివేది. కొమ్మూరి సాంబశివరావు గారి యుగంధర్, ఆయన అసిస్టెంటు రాజు మా చిన్నమ్మకు ఇంట్లో మనుషుల కింద లెక్క.

ఆ వేసవిలో వాళ్ళింటికి ఒక సామి వచ్చాడు. పాత ఇల్లు, వెనక పెద్ద పెరడు, మూల ఓ వేపచెట్టు, కూలిపోయిన గోడ. చూడగానే "ఈ గోడ కింద లంకెబిందెలున్నయి" అన్నాడు. సరే, ఏమైందో తర్వాత చెబుతాను. కథ మధ్యలో ఆపుతున్నానని కోప్పడకండి. ఆపడంలోనే ఉంది ఈ విద్య అంతా. వారపత్రికల్లో సీరియళ్ళు చదివిన మీకు నేను చెప్పేదేముంది?

డిటెక్టివ్ కథల్లో చాలా రకాలున్నాయి. కొన్నింట్లో పేజీకో శవం, పేరాకో పిస్తోలు. రాత్రి చదివితే నిద్ర పట్టదు. అవి కావు నేను చెప్పేది. ఇంకో రకం ఉంది. ఇంగ్లీషు వాళ్ళు దాన్ని 'కోజీ' అంటారు. టీ చల్లారకుండా కెటిల్ మీద కప్పే ఉన్ని తొడుగుకు కూడా వాళ్ళ భాషలో అదే మాట. అంటే వెచ్చగా, హాయిగా ఉండేదన్నమాట. తెలుగులో దీనికి ప్రత్యేకం పేరు లేదు. నేను మాత్రం 'పెరటి డిటెక్టివ్' అని పిలుచుకుంటాను. ఎందుకంటే ఇందులో నేరం పెరట్లో జరుగుతుంది, పెరట్లోనే తేలుతుంది. పోలీసు జీపులు గుమ్మం దాకా వచ్చినా, అసలు గుట్టు విప్పేది ఆ వీధిలోని ఓ మామూలు మనిషి. చాలాసార్లు ఆడమనిషి. రక్తం కనబడదు. హత్య జరిగినా తలుపు వెనకాల జరుగుతుంది, మనం గడప దాటి లోపలికి వెళ్ళం. ఊరు చిన్నది. అందరికీ అందరూ తెలుసు. పాలవాడు ఎన్నింటికి వస్తాడో, ఎవరి కోడలు ఎవరితో మాట్లాడదో, ఏ ఇంట్లో పోయిన పండుగకు కొత్త చీర రాలేదో తెలుసు. ఆ తెలిసిన సంగతులే ఆధారాలు.

దీన్ని గట్టిగా నిలబెట్టింది ఆగాథా క్రిస్టీ. 1890లో పుట్టి 1976లో పోయిందావిడ. మొదటి ప్రపంచ యుద్ధంలో ఆస్పత్రి మందుల గదిలో పనిచేసింది. ఏ మందు ఎంత మోతాదు దాటితే విషమో అక్కడ నేర్చుకుంది. మొదటి నవల 1920లో వచ్చింది. పదేళ్ళ తర్వాత, 1930లో, మిస్ మార్పుల్ అనే ముసలావిడ తొలిసారి ఒక నవలలో కనిపించింది. పెళ్ళి చేసుకోలేదు. ఊళ్ళోనే ఉంటుంది. ఊలు అల్లుకుంటూ అందరి మాటలూ వింటుంది. "ఈ దొరగారి వాలకం మా ఊళ్ళో ఫలానా కుర్రవాడిలా ఉందే!" అనుకుంటుంది. అంతే, గుట్టు రట్టు. ఈ పాత్ర తన బామ్మ వరసావిడ స్నేహితురాళ్ళ లాంటిదని రచయిత్రే చెప్పింది.

అయితే మనకు ఈ ముసలావిడ కొత్తేమీ కాదు. మన పేదరాశి పెద్దమ్మ ఎవరంటారు? దేశాలు పట్టి తిరిగే రాజకుమారుడికి ఊరి చివర చోటిచ్చి, అన్నం పెట్టి, రాత్రి పడుకోబోయే ముందు ఊరి గుట్టంతా విప్పి చెప్పేది ఎవరు? కోటలో ఏ తలుపు ఎప్పుడు తెరుస్తారో, రాకుమారి ఎందుకు నవ్వదో ఆవిడకే తెలుసు. ప్రేమా, రహస్యమూ, నిధీ అన్నీ ఆవిడ గుడిసెలోంచే నడిచాయి. ఊలు ఒక్కటే తక్కువ. మన ఎండలకు ఊలెందుకు లెండి.

మర్యాద రామన్న కథ కూడా గుర్తు తెచ్చుకోండి. ఇద్దరాడవాళ్ళ మధ్య నెయ్యి అప్పు తగాదా. ఒకావిడకు బోలెడు పాడి. ఇంకొకావిడకు తక్కువ. అప్పిచ్చానని తక్కువ పాడి ఆవిడ అంటుంది. ఇంత పాడి ఉన్నదాన్ని, నాకు అప్పెందుకని రెండో ఆవిడ. సాక్షుల్లేరు. రామన్న ఇద్దరినీ బురదలో నడిపించి, కాళ్ళు కడుక్కోమని తలా ఓ చెంబు నీళ్ళిచ్చాడు. ఒకావిడ ఆ కాసిని నీళ్ళతోనే పొదుపుగా, శుభ్రంగా కడుక్కుంది. రెండో ఆవిడ చెంబంతా ఒంపేసి, కాళ్ళు మాత్రం బురదగానే ఉన్నాయంది. ఎవరి ఇంట్లో నెయ్యి నిలుస్తుందో, ఎవరు అప్పుకు పోతారో తేలిపోయింది. భూతద్దం లేదు, వేలిముద్రలు లేవు. చెంబెడు నీళ్ళు! పెరటి డిటెక్టివ్ కథ అంటే ఇదే.

ఇప్పుడు దాని లోపలి పనితనం చూద్దాం. మొదటి సంగతి, ఈ కథ మనతో ఆడే ఆట. ఆటకు నియమాలుంటాయి. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఆయన డిటెక్టివ్ కథలకు పది నియమాలు రాశాడు. డిటెక్టివుకు దొరికిన ప్రతి ఆధారమూ పాఠకుడికి కూడా చూపించి తీరాలి. ఒక రహస్యపు గది లేదా ఒక సొరంగం కంటే ఎక్కువ పెట్టకూడదు. (మన జానపద సినిమాలు ఆయన చూసి ఉంటే ఏమనేవాడో!) అన్నిటికంటే నాకు నచ్చింది, దయ్యాలూ మంత్రాలూ మాయలూ పనికిరావన్న నియమం. ఇంతకీ ఈ నాక్స్ గారు వృత్తికి ఎవరనుకున్నారు? చర్చిలో పూజలు చేసే ఫాదరీ! దేవుణ్ణి నమ్మినవాడే, చిక్కుముడి మాత్రం మనిషి బుద్ధితోనే విప్పాలన్నాడు. మా చిన్నమ్మ కథకు ఈ నియమం పనికొస్తుంది, జ్ఞాపకం పెట్టుకోండి.

ఆధారాలన్నీ చూపించాలి సరే, చూపిస్తే మనకు తెలిసిపోదా? తెలియదు. రచయిత దాన్ని అన్నంలో రాయిలా కలిపేస్తాడు. ఒక గది వర్ణిస్తూ గోడ మీద పటం, బల్ల మీద పూలకుండీ, ఆగిపోయిన గడియారం, మంచం కింద చెప్పులు అని వరసగా చెప్పుకుపోతాడు. గడియారం సంగతి మనం పట్టించుకోం. పైగా అప్పుడే ఎవరో తలుపు కొడతారు, లేదా హీరో హీరోయిన్ని చూసి తడబడతాడు. మన మనసు అటు పోతుంది. పెళ్ళిచూపుల్లో పిల్ల కాలు కొంచెం అవుడుగా ఉంటే, తల్లి గబగబా స్వీట్ల పళ్ళెం తేవడం లేదూ? అదే కిటుకు.

అందుకే ఈ కథల్లో ప్రేమ ఉండటం ఊరికే కాదు. చాలామంది దాన్ని పైన చల్లిన జీడిపప్పు అనుకుంటారు. నా లెక్కలో అది పోపు. ఇద్దరు కొత్త మనుషులు ఒకరినొకరు ఇష్టపడాలంటే ముందు నమ్మాలి. చుట్టూ ఒక దొంగతనం జరిగి ఉంది. నమ్మాలా, అనుమానించాలా? ఆ అమ్మాయికి వచ్చిన ప్రశ్నే పాఠకులకూ వస్తుంది. పెళ్ళి సంబంధాలు చూసిన ప్రతి తల్లికీ ఇది తెలిసిన బాధే. మంచివాడిలాగే ఉన్నాడు, కానీ చెప్పిన జీతం నిజమేనా?

తెలుగులో దీన్ని నవ్విస్తూ చేసినవారు మల్లాది వెంకట కృష్ణమూర్తి గారు. ఆయన 'చంటబ్బాయ్' నవలలో డిటెక్టివు పాండురంగారావు పెద్ద వీరుడేం కాదు. మన పక్కింటి కుర్రాడిలాంటివాడు. 1986లో జంధ్యాల దాన్ని సినిమాగా తీశారు, చిరంజీవి, సుహాసినిలతో. ఆ సినిమా చూసి నవ్వినవాళ్ళలో చాలామంది తాము డిటెక్టివ్ కథ చూస్తున్నామనే మరిచిపోయారు. నిధి వేట కథలకూ మనకు కొదవ లేదు. స్టీవెన్‌సన్ రాసిన నిధి దీవి కథను నండూరి రామమోహనరావు గారు 'కాంచన ద్వీపం' పేరుతో తెలుగు చేశారు. 1971లో వచ్చిన 'మోసగాళ్ళకు మోసగాడు' కథ ఆరుద్ర గారిది. గుర్రాలూ తుపాకులూ పక్కన పెడితే అదీ నిధి వేటే. ఆరుద్ర అంతటి కవి, పండితుడు డిటెక్టివ్ నవలలూ రాశాడని మన ఇంట్లో సణిగేవాళ్ళకు ఓసారి చెప్పి చూడండి.

ఇక నిధి. మంచి కథలో నిధిని గునపం తవ్వి తీయదు, దాచిన మనిషి మనసు తెలిసినవాళ్ళు తీస్తారు. దీనికి నాకు తెలిసినంతలో అందమైన ఉదాహరణ ఆగాథా క్రిస్టీదే, 1941లో వచ్చిన ఓ చిన్న కథ. ముగింపు కూడా చెప్పేస్తున్నాను. సొంతంగా చదువుకుంటామనేవాళ్ళు ఓ రెండు నిమిషాలు స్టవ్ మీద టీ పెట్టుకుని రండి.

పెళ్ళి నిశ్చయమైన ఓ జంట. వాళ్ళకో ముసలి తాతయ్య. ఎగతాళి మనిషి. ఆస్తంతా మీకే అన్నాడు. పోయాక చూస్తే ఏమీ లేదు. ఇల్లు కూడా అమ్ముకోవాల్సిన పరిస్థితి. పోయేముందు కన్ను మీద వేలితో తట్టి నవ్వాడట, అంతే. పిల్లలిద్దరూ తోటంతా తవ్వి పోశారు. దొరకలేదు. మిస్ మార్పుల్‌ను పిలిచారు. ఆవిడ ఆయన బల్ల సొరుగులో రహస్యపు అర తీసింది. అందులో రెండే ఉన్నాయి. పంది మాంసం వండే విధానం రాసిన కాగితం ఒకటి, పరదేశం నుంచి ఒకావిడ రాసిన పాత ప్రేమలేఖల కట్ట ఒకటి. పిల్లలు నీరుగారిపోయారు. ఆవిడ మాత్రం ఆ వంట కాగితం చూసి నవ్వింది. ఆ వంటకం పేరుకు వాళ్ళ వాడుకలో 'ఉత్తిమాట' అని అర్థం. కన్ను తట్టడం, లేఖల కింద సంతకం చేసిన ఆవిడ పేరు, రెండూ కలిపితే అదీ వాళ్ళ సామెతే, దానికీ 'అంతా ఒట్టిది' అనే అర్థం. అంటే ఆ ప్రేమలేఖలు ఉత్తుత్తివి. ముసలాయన వాటిని ఎందుకు దాచినట్టు? లోపల ఉన్న ఉత్తరం కోసం కాదు, పైనున్న కవరు కోసం. కవరు మీద హవాయి దీవుల 1851 నాటి రెండు సెంట్ల స్టాంపు! ప్రపంచంలో వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. ఒక్కటి చాలు, పెళ్ళి అయిపోతుంది, ఇల్లు నిలుస్తుంది.

చూశారా? తోట తవ్వినప్పుడు దొరకలేదు. తాతయ్య ఎలాంటి మనిషి, ఏం మాట్లాడేవాడు, ఏ మాటకు నవ్వేవాడు అని ఆలోచిస్తే దొరికింది. ఇంట్లో పెద్దవాళ్ళు పోయాక వాళ్ళ తాళంచెవి ఎక్కడుందో కొడుకులకు తెలియదు, కోడలికి తెలుస్తుంది. పోపుల డబ్బా అడుగున వెతుకుతుంది. ఉంటుంది.

టీ పెట్టుకున్నవాళ్ళు వచ్చేశారా? సరే, నిజం నిధుల మాట కూడా ఓ నాలుగు ముక్కలు చెప్పాలి. ఎందుకంటే కథలో నిధి నవ్వులాట, మన ఊళ్ళల్లో కాదు. ఇబ్రహీంపట్నం నుంచి ఇంకా ముందుకు పోతే రాచకొండ గుట్టలు. రేచర్ల వెలమ రాజులేలిన కోట. రాళ్ళూ, బురుజులూ, పాత గుళ్ళూ. గుప్తనిధుల పిచ్చితో రాత్రుళ్ళు తవ్వేవాళ్ళు ఆ గుళ్ళనూ వదల్లేదు. దేవుడి కింద బంగారం ఉందని దేవుణ్ణే పెకిలిస్తారు. 2013లో ఉత్తరప్రదేశ్‌లో, ఉన్నావ్ జిల్లా దౌండియా ఖేడాలో ఒక సాధువుకు వెయ్యి టన్నుల బంగారం కలలో కనబడిందట. పురావస్తు శాఖ వాళ్ళే వెళ్ళి తవ్వారు. కుండపెంకుల వంటివి దొరికాయి. బంగారం తులం కూడా లేదు.

నిధి అసలే దొరకదని కాదు. 2021 ఏప్రిల్‌లో జనగామ దగ్గర పెంబర్తిలో భూమి చదును చేస్తుంటే ఒక బిందె బయటపడింది. అందులో బంగారు, వెండి నగలు. ఏ సామీ చెప్పలేదు, ఏ పూజా చేయలేదు. మట్టి తీస్తుంటే వచ్చింది. అధికారులు స్వాధీనం చేసుకున్నారు. అలా ఎందుకు తీసుకుంటారని మీకు రావచ్చు. 1878లో చేసిన నిధి నిక్షేపాల చట్టంలో ఉన్నదిది: పది రూపాయల విలువ మించిన నిధి దొరికితే, ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజున అని రాసి కలెక్టరుకు ఇవ్వాలి. దొరికినదాన్ని ఖజానాలో అప్పగించాలి, లేదా హామీ ఇవ్వాలి. హక్కుదారులెవరైనా ఉంటే రమ్మని కలెక్టరు ప్రకటన వేస్తాడు. ఎవరూ రాకపోతే, దొరికినవాడికి నాలుగింట మూడు వంతులు, ఆ స్థలం యజమానికి ఒక వంతు. ప్రభుత్వం తానే ఉంచుకోదలిస్తే లోహం విలువ కట్టి, దాని మీద అయిదో వంతు కలిపి ఇస్తుంది. దాచిపెట్టినవాడికి మాత్రం వాటా పోతుంది, ఏడాది దాకా జైలు కూడా. చూడండి, చెప్పుకున్నవాడికి ముప్పావు వంతు, దాచినవాడికి కటకటాలు. మంత్రగాడు "ఎవరికీ చెప్పొద్దు" అనే మొదటి మాటతోనే మనల్ని ఎక్కడికి తోస్తున్నాడో అర్థమైంది కదా?

ఇక మా చిన్నమ్మ దగ్గరికి వద్దాం.

ఆ సామి మూడు రోజులు ఇంట్లో భోజనం చేశాడు. నాలుగో రోజు అసలు మాట బయటపెట్టాడు. బంగారాన్ని బంగారమే పిలుస్తుందట. ఇంట్లో ఉన్న నగలన్నీ ఒక కొత్త కుండలో వేసి, పసుపు గుడ్డ కట్టి, వేపచెట్టు మొదట్లో పూడ్చి, ఇరవై ఒక్క రోజులు ముట్టకుండా ఉంచితే లంకెబిందెలు వాటంతటవే పైకి జరుగుతాయట. ఎవరికీ చెప్పొద్దు. చెబితే నిధి పాతాళానికి పోతుంది. అత్తగారు గుండ్లపేరు తీసింది. చిన్నమ్మ గాజులు, కమ్మలు. మొత్తం పదకొండు తులాలు. చిన్నాయన "వద్దే అమ్మా" అన్నాడు. అన్నాడు గానీ, తల్లి మాట దాటలేదు. మీ ఇళ్ళల్లోనూ ఇలాగే ఉంటుంది, నాకు తెలుసు.

సామి తెలివైనవాడు. నమ్మకం కుదరడానికి "ఇంటి కోడలి చేతనే కట్టించాలె" అన్నాడు. కుండ మూతికి పసుపు గుడ్డ చిన్నమ్మే కట్టింది, ఆవకాయ జాడీకి వాసెన కట్టినట్టు. తర్వాత అందరినీ తులసికోట చుట్టూ కళ్ళు మూసుకుని పదకొండు ప్రదక్షిణాలు చేయమన్నాడు. చేసి వచ్చారు. కుండ అక్కడే ఉంది. అదే కుండ, అదే పసుపు గుడ్డ, అదే కుంకుమ బొట్టు. గుంట తీసి సిద్ధంగా ఉంది.

చిన్నమ్మ ముడి చూసింది.

మీరు వాసెన ఎలా కడతారు? ఒక్కొక్కరిది ఒక్కో తీరు. మా చిన్నమ్మ దారం రెండు చుట్లు తిప్పి, కొసను చుట్టు కిందికి దూర్చి వదిలేస్తుంది. ముడి వేయదు. ఎందుకంటే ఒక చేతిలో గరిటె ఉంటుంది, రెండో చేత్తో కొస లాగితే ఊడి రావాలి. ఇప్పుడా కుండ మీద గట్టి పేటముడి ఉంది. జాడీ విప్పి ఊరగాయ తీసి ఎరగని మగవాడు వేసిన ముడి.

కేకలేస్తే ఏమవుతుంది? "సామినే అనుమానిస్తవా" అని అత్తగారు కోప్పడుతుంది. మగవాళ్ళు నోర్మూసుకోమంటారు. ఈలోగా కుండ గుంటలోకి పోతుంది, ఇరవై ఒక్క రోజులు ఎవరూ ముట్టరు. యుగంధర్ అయితే ఏం చేస్తాడని ఆలోచించానని చిన్నమ్మ తర్వాత మాతో చెప్పింది. ఆవిడ ఏం చేసిందో వినండి. ముక్కుపుల్ల తీసి అరచేతిలో పెట్టుకుని, ఎంతో భక్తిగా ముందుకొచ్చింది.

"సామీ, మర్శిపోయిన. గీ ముక్కుపుల్ల గూడ బంగారమే గద, ఏస్త. జర వాసెన ఇప్పుండ్రి."

సామి ఇప్పనన్నాడు. ముహూర్తం దాటిందన్నాడు. ఇప్పితే అరిష్టమన్నాడు.

"బంగారం ఎంత ఎక్కువుంటే అంత పిలుస్తదని మీరే అంటిరి గదా?"

ఇక్కడే అత్తగారు తల తిప్పి సామి మొహం చూసింది. మూడు రోజులుగా బంగారం అంటే చెయ్యి చాస్తున్న మనిషి, వస్తున్న బంగారాన్ని ఎందుకు వద్దంటున్నాడు? ఆవిడకు చదువు లేదు గానీ, ముప్ఫయ్యేళ్ళు సంతలో బేరం చేసిన మనిషి. "ఇప్పురా!" అంది చిన్నకొడుకుతో. కుండలో గుడ్డపేలికల్లో చుట్టిన కంకరరాళ్ళున్నాయి. అందరూ కుండలోకి తొంగి చూస్తుండగా సామి కూలిన గోడ దూకి చెరువు కట్ట వైపు పరుగు తీశాడు. అతని జోలె మాత్రం వేపకొమ్మకు వేలాడుతూ ఉండిపోయింది. జోలెలో ఇంకో కుండ. దాని మీద మా చిన్నమ్మ వాసెన ఉన్నదున్నట్టే ఉంది, ఇప్పనేలేదు! కొస పట్టి లాగితే ఊడింది. పదకొండు తులాలు.

అదే వేసవిలో, అక్కడికి రెండు మైళ్ళ దూరంలో ఒక ఇల్లాలు ఇలాగే కట్టిన కుండను ఇరవై ఒక్క రోజులు దీపం పెట్టి మరీ కాపలా కాసింది. అందులో ఆవిడ కూతురి పెళ్ళికని దాచిన నగలున్నాయనుకుంది. పేరు చెప్పను. ఆ పెళ్ళి మూడేళ్ళు వెనక్కి పోయింది. అందుకే నాకు ఈ పుస్తకాలను "ఉబుసుపోక చదివేవి" అంటే ఒళ్ళు మండుతుంది.

పెరటి డిటెక్టివ్ నవల చదివేటప్పుడు నేను పాటించే పద్ధతులు రెండు మూడున్నాయి, చెబుతాను. కొత్త మనిషి కథలోకి రాగానే అతను ఏమన్నాడో కాదు, ఎవరూ అడగకుండానే ఏం చెప్పాడో చూస్తాను. అడక్కుండా చెప్పిన దానిలోనే అబద్ధం ఉంటుంది. ఎవరైనా "తొందరగా" అన్నా, "ఎవరికీ చెప్పొద్దు" అన్నా, ఆ పేజీ మూల మడుస్తాను. (లైబ్రరీ పుస్తకమైతే మడవకండి, బస్సు టిక్కెట్టు పెట్టుకోండి.) ముప్పావు వంతు పుస్తకం అయ్యాక మూసేసి, దొంగ పేరు పాలచీటీ వెనక రాసిపెడతాను. తర్వాత మిగతాది చదువుతాను. పది నవలల్లో నాలుగు కుదురుతాయి. తప్పినప్పుడు వెనక్కి వెళ్ళి, ఆ ఆధారం నా కళ్ళ ముందే ఎక్కడుందో వెతుక్కుంటాను. అసలు ఆనందం అక్కడే ఉంది. చివరి పేజీ ముందు చదివేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళు పాయసంలో జీడిపప్పు ఏరుకుని తిని గిన్నె పక్కన పెట్టేసే రకం. వాళ్ళతో నాకు మాటల్లేవు.

ఆధారం ఎక్కడా చూపకుండా చివర్లో కవల సోదరుణ్ణి దింపే రచయితను మాత్రం క్షమించకండి. అలాంటివి మన దగ్గర చాలానే వచ్చాయి. ఆ పుస్తకానికి పావలా కూడా దండగే.

సామి పారిపోయిన తర్వాత రెండు రోజులు అత్తగారు ఎవరితోనూ మాట్లాడలేదట. గుండ్లపేరు మెళ్ళో వేసుకుని మంచం మీద కూర్చుందట. మూడో నాడు రాత్రి, చిన్నమ్మ గిన్నెలు బోర్లించి వస్తుంటే పిలిచింది.

"ఆ బియ్యం డ్రమ్ముల దాసుకుంటవు సూడు, ఆ బుక్కు. అండ్ల ఏమున్నదే?"

చిన్నమ్మ భయపడుతూనే తెచ్చింది. క్యాలెండరు కాగితం తీసేసి, లాంతరు దగ్గరికి జరుపుకుని మొదటి పేజీ నుంచి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఆ వారం నుంచి చిన్నాయన ఒక్కొక్కటి కాకుండా రెండేసి తేవాల్సి వచ్చింది. అత్తాకోడళ్ళిద్దరికీ పందెం, దొంగ ఎవరని. గెలిచినవాళ్ళు మర్నాడు పొద్దున బావి నీళ్ళు తోడక్కర్లేదు. అత్తగారే ఎక్కువ గెలిచేదని చిన్నమ్మ ఇప్పటికీ ఒప్పుకుంటుంది. ఒకసారి ఇంకా నలభై పేజీలుండగానే ఆవిడ ఒత్తిగిలి పడుకుంటూ అందట:

"ఆ వంటామెనే. పొయ్యి మీద పాలు పొంగుతుంటె కిటికీల నుంచి సూస్కుంట నిల్సున్నదని సదివినవు గద? వంటామె అట్ల నిల్సుంటదా?"